కార్వెట్ సీ8 బాగుంది, కానీ రీకాల్స్ చూసుకుని కొనండి

అమెరికాలో మనవాళ్ళు కాస్త డబ్బు చేరగానే చూసే కార్లలో షెవ్రోలే కార్వెట్ సీ8 (కార్వెట్‌లో ఎనిమిదో తరం) ఒకటి. 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ వెనకాల గర్జిస్తుంటే, ఆ ధరకి ఇంత కారు ఇంకోటి దొరకడం కష్టమే, అందులో నాకేం అనుమానం లేదు. గొడవంతా మిగతా వాటితోనే. 2020లో ముందు డిక్కీ మూత నడుస్తుండగా తెరుచుకునే ప్రమాదం ఉందని రీకాల్ చేశారు, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే కార్లని వెనక్కి పిలిచింది. అది తెరిచి ఉంటే గంటకు 26 మైళ్ళు దాటనివ్వకుండా సాఫ్ట్‌వేర్ మార్చారు. 2025లో ఇందులోనే ఎక్కువ పవర్ ఉన్న జెడ్06, జెడ్ఆర్1 మోడళ్ళకి ఇంకో రీకాల్, పెట్రోల్ పోసేటప్పుడు ఒలికితే అంటుకునే ప్రమాదమట! గేర్‌బాక్స్ మీద ఓనర్ల ఫిర్యాదులు సరేసరి.

కొనేముందు విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో కొట్టి చూడండి, రీకాల్ రిపేర్ ఫ్రీ. రీకాల్ వచ్చినంత మాత్రాన లెమన్ లా (ఎన్నిసార్లు రిపేర్ చేసినా బాగవని కారుని కంపెనీ వెనక్కి తీసుకోవాలనే చట్టం) వర్తించదు. కాలిఫోర్నియాలో అయితే 18 నెలలు లేదా 18,000 మైళ్ళలోపు, ప్రాణం మీదకొచ్చే లోపానికి రెండుసార్లు, మామూలు లోపానికి నాలుగుసార్లు రిపేర్ చేసినా బాగవకపోతే, లేదా మొత్తం 30 రోజులకు మించి షెడ్డులోనే పడి ఉంటే, మీ కేసు బలంగా ఉన్నట్టే. అందుకే షాపుకెళ్ళిన ప్రతిసారీ రిపేర్ ఆర్డర్ కాగితం అడిగి తీసుకోండి, నోటి మాట నమ్మకండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా జాగ్రత్త, కంపెనీ వారంటీ కొంత మిగిలి ఉన్నా సరే ఈ చట్టంలో అది కొత్త కారు కిందకి రాదని 2024లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చేసింది.