ఆర్ఓ, యూవీ, కాచిన నీళ్లు, క్యాన్: తాగడానికి ఏది మేలు?

వానాకాలం వచ్చిందంటే కొత్తగా ఇల్లు మారినవాళ్లు, ఆర్ఓ మెషీన్‌లో కరిగిన లవణాలను ఆపే పొర, అంటే మెంబ్రేన్, మార్చాల్సి వచ్చినవాళ్లు అందరూ అడిగేది ఒకటే: తాగే నీళ్లకు ఏది పెట్టుకోవాలి? వాళ్లను ముందు నేనొకటి అడుగుతాను. మీ వంటింటి కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లు? అది తెలిస్తే సగానికి పైగా తేలిపోతుంది. తెలుసుకోకుండా మెషీన్ కొంటే డబ్బులే కాదు, నీళ్లూ దండగ.

భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు సడలింపు ఉంది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు సరఫరా అయ్యే ఊళ్లలో టీడీఎస్ సాధారణంగా 500 లోపే ఉంటుంది. ఆ నీళ్లకు ఆర్ఓ పెడితే ఒంటికి పనికొచ్చే కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. పైగా ఇళ్లలో వాడే మామూలు ఆర్ఓ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. తాగడానికీ వంటకూ కలిపి రోజుకు 20 లీటర్లు వాడే ఇంట్లో 40 నుంచి 60 లీటర్లు సింకులోకి పోతాయి. హైదరాబాద్‌లో అయితే అవి నాగార్జునసాగర్ నుంచో ఎల్లంపల్లి నుంచో కరెంటు పెట్టి తోడి, శుద్ధి చేసి పైపుల్లో తెచ్చిన నీళ్లు. వాటిని అలా పారబోయడానికి నాకు మనసొప్పదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్ఓ వాడకాన్ని నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్రానికి చెప్పింది కూడా ఈ వృథాను చూసే.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు ఒకే సంపులో కలిసిపోతాయి. అప్పుడు మంచినీళ్లు కూడా ఉప్పగా మారి ఇంటింటికీ ఒక ఆర్ఓ తప్పనిసరి అవుతుంది. కొన్నిచోట్ల వంటింటికి మాత్రం మంజీరా లైన్, అంటే మున్సిపల్ నీళ్ల పైపు, విడిగా ఇస్తారు. మీ అపార్ట్‌మెంట్‌లో లేకపోతే అసోసియేషన్ మీటింగ్‌లో పట్టుబట్టి అడగండి. ఆ ఒక్క పైపుతో ఎన్నో ఇళ్లలో ఆర్ఓ అవసరమే ఉండదు.

బోరు నీళ్లే దిక్కయితే నా మాట మారుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఏం చేసిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంత మాత్రాన అది పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ వల్లా ఉపయోగం లేదు. అక్కడ ఆర్ఓ పెట్టుకోండి, మొహమాటం వద్దు. రెండు మూడు వందలకు దొరికే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించుకుంటేనే సంగతి తెలుస్తుంది.

టీడీఎస్ తక్కువున్న కుళాయి నీళ్లకు కావలసింది క్రిములు చావడమే. లీకైన పైపుల్లో, కడగని సంపులో మురికి చేరుతుంది కాబట్టి నేరుగా తాగమని చెప్పను. దీనికి కాచడం తిరుగులేని పద్ధతి. తెర్లు పట్టాక ఒక నిమిషం మరిగితే చాలు. కానీ గ్యాస్ లెక్క చూడండి. రోజూ 10 లీటర్లు కాచడానికి సుమారు 115 గ్రాముల గ్యాస్ పడుతుంది, అంటే నాలుగు నెలలకు కాస్త అటూఇటూగా ఒక సిలిండర్. అందుకే నా ఓటు యూవీకి. ముందు మట్టిని, క్లోరిన్ వాసనను ఆపే ఫిల్టర్లు, తర్వాత యూవీ దీపం. దీపానికి ట్యూబ్‌లైట్ కన్నా తక్కువ కరెంటు చాలు, చుక్క నీరు కూడా బయటికి పోదు. నీళ్లు బురదగా వస్తే మాత్రం వెలుతురు లోపలికి అందక యూవీ సరిగ్గా పనిచేయదు. అలాంటి రోజుల్లో వడకట్టి కాచుకోవాల్సిందే. మా ఇంట్లో యూవీ నీళ్లు పట్టి మూత ఉన్న మట్టికుండలో పోస్తాం. ఫ్రిజ్‌లో సీసాల వరస తగ్గింది.

క్యాన్ సంగతి ఎక్కువ చెప్పను. వీధి చివరి ప్లాంటు కూడా చాలావరకు బోరు నీళ్లను ఆర్ఓ చేసే అమ్ముతుంది, పారబోత మన కంటికి కనబడదంతే. సీలు, ఐఎస్ఐ గుర్తు లేని క్యాన్‌లో ఏముందో చెప్పేవాళ్లు లేరు. రాగి బిందె ముచ్చటైనదే కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. పాత స్టీలు క్యాండిల్ ఫిల్టర్ ఉంటే పారేయకండి, వడకట్టడానికి పనికొస్తుంది.

ఆర్ఓ తప్పనివాళ్లు బయటికి వచ్చే నీళ్లను బకెట్‌లోకి పట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి, గిన్నెలు మొదటిసారి తొలవడానికి బాగా పనికొస్తాయి. కుండీల మొక్కలకు మాత్రం మీటర్‌తో చూశాకే పోయండి. బోరులో టీడీఎస్ 1000 ఉంటే ఆ పైపులో వచ్చేది 1300 నుంచి 1500 దాకా ఉంటుంది, ఆ ఉప్పంతా కుండీ మట్టిలో పేరుకుపోతుంది.