భద్రమైన అభ్యంగనం తరగతిలో ‘యూక్యాట్’: ఒక సంవత్సరం బోధించిన తరువాత నా సమీక్ష

గుంటూరు జిల్లాలోని మా కథోలిక విచారణలో (ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సమాజంలో) భద్రమైన అభ్యంగనానికి, అంటే జ్ఞానస్నానం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరచే సంస్కారానికి, సిద్ధమయ్యే పిల్లలకు ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక సత్యోపదేశం చెప్పే బాధ్యత కొన్నేళ్లుగా నాది. తొమ్మిది, పది తరగతులు చదివే పిల్లలు వస్తారు. నేను వాళ్ల వయసులో ఉన్నప్పుడు నేర్చుకున్న పద్ధతిలోనే మొన్నమొన్నటి వరకు నేనూ నేర్పాను: ప్రశ్న చదవడం, జవాబు కంఠస్థం చేయించడం, ఏడు దేవద్రవ్యానుమానాల (పవిత్ర సంస్కారాల) పేర్లు, పవిత్రాత్మ ఏడు వరాల పేర్లు వరుస తప్పకుండా అప్పజెప్పించుకోవడం. పిల్లలు చక్కగా అప్పజెప్పేవారు. అయితే అభ్యంగనం పొందిన కొద్ది నెలలకే వారిలో చాలామంది పూజకు రావడం మానేసేవారు. ఎదురుపడినప్పుడు మాట్లాడితే వారి మనసులో అడగని ప్రశ్నలు ఎన్నో మిగిలిపోయాయని అర్థమయ్యేది. ఆ బాధతోనే నిరుడు పద్నాలుగు మంది ఉన్న తరగతికి ‘యూక్యాట్’ అనే యువజన సత్యోపదేశ గ్రంథాన్ని ప్రధాన పాఠ్యంగా పెట్టుకున్నాను. సంవత్సరం పాటు దానితో పనిచేసిన అనుభవంతో, ఇదే పని చేస్తున్న ఉపదేశులకు, మఠకన్యలకు, తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

పుస్తకం 2011లో వెలువడింది. అప్పట్లో వియన్నా అగ్రపీఠాధిపతిగా ఉన్న కార్డినల్ క్రిస్టోఫ్ షోన్‌బోర్న్ గారి పర్యవేక్షణలో జర్మన్ భాషలో తయారై, ఆ ఏడు ఆగస్టులో మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ యువజన దినోత్సవానికి వచ్చిన యువతీయువకుల చేతికి అనేక భాషల్లో అందింది. ముందుమాట 16వ బెనెడిక్ట్ పోపు గారు రాశారు. 1992 నాటి ‘కథోలిక శ్రీసభ సత్యోపదేశం’ అనే శ్రీసభ (చర్చి) అధికారిక విశ్వాస గ్రంథంలో 2865 పేరాలు ఉన్నాయి. అంత పెద్ద గ్రంథాన్ని పదిహేనేళ్ల పిల్లల చేతిలో పెట్టలేం. దాని సారాన్ని అదే నాలుగు భాగాల వరుసలో, 527 ప్రశ్నలుగా ఈ పుస్తకం అందిస్తుంది. ప్రతి ప్రశ్నకు మొదట ముద్దక్షరాల్లో రెండు మూడు వాక్యాల జవాబు, దానితోపాటే పెద్ద సత్యోపదేశంలోని పేరాల సంఖ్యలు, కింద వివరణ, పక్క అంచుల్లో లేఖన వాక్యాలు, పునీతుల మాటలు, కఠిన పదాలకు అర్థాలు ఉంటాయి. బోధించేవారికి ఆ పేరాల సంఖ్యలు ఎంతో విలువైనవి, ఎందుకంటే పిల్లలు లోతుగా అడిగినప్పుడు ఎక్కడ వెతకాలో వెంటనే తెలుస్తుంది.

మనం ఈ భూమి మీద ఎందుకున్నాం అన్నది మొదటి ప్రశ్న. సర్వేశ్వరుని తెలుసుకొని, ప్రేమించి, ఆయన చిత్తప్రకారం మంచి చేసి, ఒకనాడు మోక్షానికి చేరడానికే అన్నది దాని జవాబు. మన అమ్మమ్మలు నేర్చుకున్న పాత జ్ఞానోపదేశపు జవాబుకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. ఆ దగ్గరితనం చూశాక ఈ పుస్తకం కొత్త మతం చెప్పడం లేదని తల్లిదండ్రులకు నచ్చజెప్పడం సులువైంది. కాని పాత పుస్తకాలు తలుపు తీయని చోట్ల కూడా ఇది తలుపు తీస్తుంది. పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటూనే సృష్టికర్తను విశ్వసించవచ్చా అని 42వ ప్రశ్న అడుగుతుంది. విజ్ఞానశాస్త్రం తన హద్దులో తాను ఉన్నంతవరకు అవునని చెబుతుంది. స్కూల్లో జీవశాస్త్రం పాఠం విని, గుడిలో ఆదికాండం విని, రెండింటి మధ్య నోరు విప్పలేక నలిగే పిల్లలకు ఇది గొప్ప ఊరట. సర్వశక్తిమంతుడైన దేవుడు చెడును ఎందుకు ఆపడు అన్న 51వ ప్రశ్న చదివిన ఆదివారం, ఆ ఏడాదే తండ్రిని పోగొట్టుకున్న ఒక అబ్బాయి తరగతి అయ్యాక కూడా కూర్చుండిపోయాడు. అది మనిషి పూర్తిగా ఛేదించలేని మర్మమని పుస్తకం నిజాయితీగా ఒప్పుకోవడమే వాడితో మాట కలపడానికి నాకు దారి ఇచ్చింది.

త్రిత్వం దగ్గర పుస్తకానికి అసలైన పరీక్ష ఎదురైంది. మనం నమ్మేది ఒక్క దేవుణ్నా, ముగ్గురు దేవుళ్లనా అని 35వ ప్రశ్న సూటిగా అడుగుతుంది. మా తరగతిలో అది వెంటనే మరో ప్రశ్నగా మారింది: “మాస్టారూ, మా ఫ్రెండ్ మీ త్రిత్వం కూడా త్రిమూర్తుల లాంటిదేనా అని అడిగాడు, ఏం చెప్పాలి?” ఈ ప్రశ్న జర్మనీలో పుట్టదు కనుక దానికి జవాబు పుస్తకంలో లేదు. చాలామంది ఉపదేశులు ఇక్కడ నీరు, మంచు, ఆవిరి అనే పోలిక వాడతారు. నేనూ వాడాను, అది పొరపాటని ఇప్పుడు చెబుతాను. ఒకే నీరు ఒకసారి మంచుగా, ఒకసారి ఆవిరిగా మారినట్లు ఒకే వ్యక్తి మూడు వేషాలు వేశాడని ఆ పోలిక నేర్పుతుంది, శ్రీసభ తొలి శతాబ్దాల్లోనే తిరస్కరించిన బోధ అదే. పుస్తకం ఆ దారిలో పోదు. ముగ్గురు వ్యక్తులు ఒకే దేవుడన్న సత్యాన్ని తర్కంతో రాబట్టలేమని, క్రీస్తు వెల్లడి చేసినందువల్లనే తెలిసిందని 36వ ప్రశ్నలో చెప్పి, దేవుడు ఒంటరివాడైతే అనాదిగా ప్రేమించగలిగేవాడు కాదన్న ఆలోచనను ముందుంచుతుంది. ఆ ఒక్క మాట పట్టుకొని నేను సిలువ గుర్తుకు వచ్చాను: పిత, పుత్ర, పవిత్రాత్మ అని ముగ్గురి పేర్లు పలుకుతాం, కాని ‘నామములు’ అనకుండా ‘నామమున’ అని ఏకవచనంలో అంటాం. రోజూ నోట పలికే జపంలోనే ఈ సత్యం దాగి ఉందని గమనించినప్పుడు పిల్లల ముఖాలు వెలిగాయి.

ఇక భద్రమైన అభ్యంగనం గురించి. 203 నుంచి 207 వరకు అయిదే ప్రశ్నలు ఉన్నాయి. తరగతి మొత్తం ఏ దేవద్రవ్యానుమానం కోసం నడుస్తుందో దానికి ఇంత తక్కువ చోటు దొరకడం మొదట నిరుత్సాహపరచింది. జ్ఞానస్నానాన్ని సంపూర్ణం చేసేది ఇదని పుస్తకం స్పష్టంగా చెబుతుంది. ఫుట్‌బాల్ శిక్షకుడు ఆటగాణ్ని మైదానంలోకి పంపే ముందు భుజం మీద చెయ్యి వేసి చివరి మాట చెప్పడంతో దీన్ని పోలుస్తుంది. పోలిక చక్కనిదే, కాని మా పిల్లలకు అంతకంటే దగ్గరి అనుభవం ఉంది. పరీక్షకు వెళ్లేముందు, ఊరు విడిచి హాస్టల్‌కు బయలుదేరేముందు తాతయ్య తల మీద చెయ్యి పెట్టి దీవించడం వారికి తెలుసు. సమరియాలో అప్పటికే జ్ఞానస్నానం పొందినవారి మీద పేతురు, యోహాను చేతులుంచగా వారు పవిత్రాత్మను పొందిన సంగతి అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో చదివించి, ఆ దీవెన నుంచి మొదలుపెట్టాను.

తెలుగు పేరు కూడా మనకు ఎంతో సహాయం చేస్తుంది. పండుగ పూట అభ్యంగన స్నానం అంటే ఒంటికి నూనె పట్టించడమని మన ఊళ్లలో ప్రతి బిడ్డకూ తెలుసు. ఇక్కడ నూనె ఒలీవ నూనెలో పరిమళద్రవ్యం కలిపి, పవిత్ర వారంలో పీఠాధిపతులు ఆశీర్వదించిన తైలం. అది నుదుటి మీద సిలువ ఆకారంలో పూయబడుతుంది. ‘భద్రమైన’ అన్న మాటలో స్థిరపరచడం ఉంది, ముద్ర వేసి కాపాడడం ఉంది. ఆ ముద్ర చెరగనిది కాబట్టే దీన్ని జీవితంలో ఒక్కసారే పొందుతాం. చెంప మీద మెల్లగా తట్టే ఆచారం గురించి పెద్దవాళ్లు చెబితే పిల్లలు అడుగుతారు. 1971లో ఆరవ పౌలు పోపు గారి కాలంలో సవరించిన ఆరాధన క్రమంలో అది లేదని చెప్పాలి. ఏడు వరాల కోసం యెషయా 11వ అధ్యాయం తెరిపించి, ‘ధైర్యం’ అనే వరానికి ఒక ఆదివారమంతా ఇచ్చాను. స్నేహితులు పరీక్షలో చీటీలు అందిస్తుంటే వద్దనడానికి కావలసింది అదే అని ఒక అమ్మాయి తనంతట తాను చెప్పింది.

దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో స్వీకరించే అప్పద్రాక్షరసాల సంస్కారం గురించిన భాగం దృఢంగా ఉంది. క్రీస్తు నిజంగా, సంపూర్ణంగా అక్కడ ఉన్నాడన్న విషయంలో పుస్తకం ఎక్కడా మెత్తబడలేదు. మనం మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి: మన పదంలో ‘ప్రసాదం’ ఉన్నందున, దేవునికి అర్పించి తిరిగి పంచుకునే పదార్థమని పిల్లలు అనుకునే అవకాశం ఉంది. మనకు అందేది క్రీస్తు శరీర రక్తాలేనని విడిగా, నిదానంగా చెప్పాలి.

మరియమాత విషయంలో ఈ పుస్తకం చేసిన మేలును నేను మరచిపోలేను. మా పిల్లల ఇరుగుపొరుగున ఇతర క్రైస్తవ సంఘాల వారు ఎక్కువ. మీరు మరియమ్మను ఆరాధిస్తారు అన్న మాట ప్రతి బిడ్డా వినే ఉంటుంది. 149వ ప్రశ్న అదే అడిగి, లేదు, ఆరాధన దేవునికి మాత్రమే, ఆమెను ప్రభువు తల్లిగా గౌరవిస్తాం అని ఒక్క ముక్కలో తేలుస్తుంది. ఫిబ్రవరిలో విజయవాడలోని మరియమాత పుణ్యక్షేత్రమైన గుణదల కొండకు వెళ్లే ముందు ఆదివారం ఈ పాఠం పెట్టుకున్నాను. కొండ మీద కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాల మధ్య నిలబడి, ఇదంతా ఎవరిని అడగడానికి, ఎవరి ద్వారా అడగడానికి అని పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడం విన్నాను. చనిపోయినవారు మోక్షానికి ముందు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం గురించిన 159వ ప్రశ్న కూడా అంతే మేలైనది. అగ్నిజ్వాలల వర్ణనతో భయపెట్టకుండా, పేతురు ఎరుగనని బొంకినప్పుడు ప్రభువు అతని వైపు తిరిగి చూసిన చూపును, ఆ చూపుకు అతడు బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడవడాన్ని గుర్తు చేస్తుంది. నవంబరులో సమాధుల పండుగకు దీపాలు వెలిగించే పిల్లలకు, తాము ఎందుకు ప్రార్థిస్తున్నారో ఆ ఒక్క ఉదాహరణతో తెలిసింది.

నాకు నచ్చని సంగతులూ ఉన్నాయి. క్రీస్తులో జీవితం అనే మూడవ భాగానికి 190 ప్రశ్నలు ఇచ్చి, ప్రార్థన గురించిన నాలుగవ భాగానికి 59 మాత్రమే ఇచ్చారు. అభ్యంగనానికి సిద్ధమయ్యే వయసులో ప్రార్థించడం నేర్చుకోవడమే అన్నిటికంటే కష్టమని నా అనుభవం. అందుకని అక్కడ పుస్తకం మూసి, జపమాల, పరలోక జపం, కొన్ని నిమిషాల మౌనం మీద ఆధారపడ్డాను. నైతిక విషయాల్లో ఉదాహరణలు యూరప్ జీవితం నుంచి వచ్చినవి. 356వ ప్రశ్న అక్కడ వ్యాపించిన కొత్తరకం నిగూఢ విద్యల గురించి మాట్లాడుతుంది; మన ఇళ్లలో ఉన్నవి దిష్టి తీయడం, జాతకం చూపించడం, పెళ్లికి ముహూర్తం పెట్టించడం. కట్నం గురించి, మన గుడుల్లోనూ సమాధి తోటల్లోనూ ఇంకా పాతుకుపోయి ఉన్న కులభేదం గురించి నేను విడిగా పాఠాలు తయారుచేసుకోవలసి వచ్చింది. జ్ఞానస్నానపు నీళ్లు అందరి మీదా ఒకటే పోశారు కదా అన్న ప్రశ్నకు మన విచారణల్లో నిజాయితీగా జవాబు చెప్పకపోతే, పవిత్రాత్మ వరాల పాఠం పిల్లల చెవికి ఎక్కదు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది భాష. మేము ఇంగ్లీషు ప్రతిని వాడాం. ఇంగ్లీషు మీడియం పిల్లలు గబగబా చదివేస్తుంటే, ప్రభుత్వ పాఠశాల పిల్లలు తలవంచుకొని కూర్చోవడం మొదటి రెండు వారాల్లోనే గమనించాను. సువార్త ఎవరికోసం వచ్చిందో వారే వెనకబడే తరగతి నాకు వద్దు. అప్పటినుంచి ప్రతి ప్రశ్న జవాబును ముందురోజు రాత్రి తెలుగులో రాసుకొని, బోర్డు మీద పెట్టి, దాని మీదే చర్చ నడిపాను. రాసిన ప్రతిదీ విచారణ గురువులకు చూపించి సరిచేయించుకున్నాను. ఇది అతి జాగ్రత్త కాదు. 2011లో ఇటాలియన్ అనువాదంలో 420వ ప్రశ్న గర్భనిరోధం విషయంలో శ్రీసభ బోధకు విరుద్ధమైన అర్థం వచ్చేలా అచ్చయి, పుస్తకం పంపిణీని కొంతకాలం ఆపవలసి వచ్చింది. అనుభవజ్ఞులైన ప్రచురణకర్తలకే అలా జరిగినప్పుడు, నాలాంటి వాడు ఒంటరిగా అనువదించి పిల్లల ముందు పెట్టడం తగదు.

తూకం వేసి చెప్పాలంటే, బోధించేవారి చేతిలో ఈ పుస్తకం తప్పక ఉండాలి. పిల్లలందరికీ తలా ఒకటి కొనిపెట్టనవసరం లేదు. నలుగురికి ఒక ప్రతి ఉంటే కలిసి చదువుకుంటారు, ఆ కలయికే మంచిది. పక్క అంచుల్లోని అక్షరాలు సన్నగా ఉంటాయి, సాయంత్రపు వెలుతురులో చదవడం కష్టం. సుమారు 300 పేజీలను ఒక్క ఏడాదిలో పూర్తిచేయాలని ప్రయత్నించకూడదు. మేము 90 ప్రశ్నలు మాత్రమే ఎంచుకున్నాం, అవీ కొన్ని ఆదివారాలు రెండే సాగాయి. కంఠస్థం చేయించడాన్ని నేను మానలేదు. విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు, ఏడు వరాలు నోటికి రావాలి. కాని ఇప్పుడు ఒక్కొక్క వాక్యం అప్పజెప్పాక, ఇది ఎందుకు నమ్ముతున్నావో నీ మాటల్లో చెప్పు అని అడుగుతున్నాను. జూన్‌లో మొదలయ్యే కొత్త తరగతి కోసం, గురువులు సరిచూసిన ఆ 90 జవాబుల తెలుగు ప్రతిని నిరుటి తరగతి పిల్లలే తమ చేతిరాతతో ఎత్తి రాస్తున్నారు.