లండన్ కంపానియన్ వోచర్: పాలమూరు నుంచి వాడి చూసిన లెక్క

పేరు చూసి ఒక టికెట్ కొంటే ఇంకోటి ఊరికే వస్తదని చాలామంది అనుకుంటరు. అట్ల ఉండదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) క్రెడిట్ కార్డు మీద వచ్చే కంపానియన్ వోచర్‌తో రెండో సీటుకు పట్టే ఏవియోస్, అంటే ఆ ఎయిర్‌లైన్ పాయింట్లు మాత్రమే మిగులుతయి. ట్యాక్సులు, ఎయిర్‌లైన్ వేసే చార్జీలు ఇద్దరికీ పూర్తిగా కట్టాలె. మా ఇంట్లో కార్డు లండన్‌లో ఉంటది, సీట్లు వెతికే పని మహబూబ్‌నగర్ నుంచి నడుస్తది. ఏండ్లుగా ఇట్లనే వాడుతున్నం కాబట్టి ఎక్కడ లాభమో, ఎక్కడ దండగో చెప్పగలను.

కార్డు బ్రిటన్‌లో అడ్రస్ ఉన్నోళ్లకే ఇస్తరు. ఏటా 300 పౌండ్ల ఫీజు ఉన్న ప్రీమియం ప్లస్ కార్డు మీద ఏడాదిలో 15,000 పౌండ్లు ఖర్చు పెడితే వోచర్ వస్తది. గడువు రెండేండ్లు, బిజినెస్ క్లాసుకు కూడా పనికొస్తది. ఫీజు లేని కార్డుకూ అదే 15,000 పౌండ్లు, కాని గడువు ఒక్క ఏడాదే, అదీ ఎకానమీకే. ఎమ్మెస్ చదువుకునే పిల్లలు ఈ అంకె అందుకోవడానికి ఖర్చు పెంచుకునుడు శుద్ధ దండగ. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో, ఒకరి ఖాతా మీద ఇంకొకరికి అదనపు కార్డు తీసుకుంటే ఇద్దరి ఖర్చూ కలిసి లెక్కకొస్తది. అప్పుడు నిండుడు కష్టం కాదు.

మనోళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక నియమం దగ్గర. వోచర్ వాడితే కార్డు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు కూడా ఆ ప్రయాణం చేయాలె. కొడుకు వోచర్ మీద అమ్మానాన్నలు ఇద్దరే పోయి వస్తమంటే కుదరదు. కొడుకు, అమ్మ కలిసి పోవచ్చు, లేదంటే కొడుకు, కోడలు. అమ్మానాన్నలకు వోచర్ లేకుండా ఉత్త పాయింట్లతో టికెట్ చేయొచ్చు. అయితే ఇంటిల్లిపాది పాయింట్లు ఒకచోట కలిపే హౌస్‌హోల్డ్ అకౌంట్ పెట్టుకుంటే, బయటి బంధువులను అయిదుగురి వరకే జాబితాలో చేర్చనిస్తరు. ఆ పేర్లు ముందే ఎక్కించి పెట్టుకోవాలె, సీటు కనబడ్డంక ఎక్కిస్తమంటే ఆలస్యమైతది.

అసలు కథ సీట్లది. పాయింట్లతో తీసుకునే రివార్డు సీట్లు ప్రయాణానికి 355 రోజుల ముందు తెరుచుకుంటయి. లండన్ శీతాకాలపు అర్ధరాత్రి లెక్క కాబట్టి మనకు తెల్లారి అయిదున్నర. ఒక్కో విమానంలో కనీసం ఎకానమీ 8, ప్రీమియం ఎకానమీ 2, బిజినెస్ 4 సీట్లు అట్ల ఇస్తరు. హైదరాబాద్–హీత్రూ డైరెక్ట్ విమానంలో సెలవుల రోజులకు బిజినెస్ సీట్లు మధ్యాహ్నం దాకా ఉంటయన్న నమ్మకం లేదు. పంతులు పెండ్లి ముహూర్తం రెండు నెలల ముందు పెడితే ఈ వోచర్ దానికి పనికిరాదు. దసరా, బడి ఎండాకాలం సెలవులు, కాన్వొకేషన్ లాంటి ముందే తెలిసిన తేదీలకే ఇది. ఇంకో సంగతి, పాయింట్ల రేటు పీక్, ఆఫ్‌పీక్ అని రెండు రకాలు. పీక్ అంటే దాదాపు బ్రిటన్ బడి సెలవులు: క్రిస్మస్, ఈస్టర్, జులై–ఆగస్టు. మన దసరా ఎక్కువసార్లు వాటికి బయటే పడుతది.

తిరిగి వచ్చే టికెట్ కూడా దాని తేదీకి 355 రోజుల ముందే తెరుచుకుంటది. రెండూ ఒకేసారి చేద్దామని ఆగితే పోయే సీటు పోతది. వోచర్ పెట్టి ముందు పోయేది బుక్ చేసి, వచ్చేది తెరుచుకున్న పొద్దుగాల్నే ఫోన్ చేసి అదే బుకింగ్‌కు కలిపించుకోవాలె. వోచర్ ప్రయాణం బ్రిటన్ నుంచే మొదలు కావాలన్నది పాత మాట, ఇప్పుడు శంషాబాద్ నుంచి కూడా మొదలు పెట్టొచ్చు.

ఇక విలువ. నగదు ధరలోంచి, పాయింట్లతో చేసినా తప్పని ట్యాక్సులు తీసేసి, మిగిలింది పాయింట్లతో భాగించాలె. లెక్క కోసం రానుపోను ఎకానమీ 62,000 రూపాయలు, ట్యాక్సులు, చార్జీలు 30,000, పట్టే పాయింట్లు 40,000 అనుకుందాం. మిగిలేది 32,000, అంటే పాయింటుకు 80 పైసలు. వోచర్‌తో ఇద్దరికి 64,000 మిగులుతది, పాయింట్లు మాత్రం అవే 40,000, కాబట్టి 1.60 రూపాయలు. సేల్‌లో టికెట్ 45,000కు పడితే ఇదే లెక్క సగం కన్నా కిందికి జారుతది. అప్పుడు నగదుతో కొని వోచర్ దాచుకునుడే తెలివి. నా మటుకు ఎకానమీలో వోచర్ ఖర్చు పెట్టను, బిజినెస్‌కే ఉంచుత.

ఆ ట్యాక్సుల్లో పెద్దది బ్రిటన్ నుంచి బయలుదేరినప్పుడే పడే ప్యాసింజర్ డ్యూటీ. 2026 ఏప్రిల్ నుంచి ఇండియా దూరానికి ఎకానమీలో 102 పౌండ్లు, పై క్లాసుల్లో 244. హైదరాబాద్ నుంచి అటు పోయేటప్పుడు అది లేదు. పదహారేండ్ల లోపు పిల్లలకు ఎకానమీలో ఎటూ లేదు. అందుకే పోయేది పాయింట్లతో, వచ్చేది నగదుతో చేసిన ధర కూడా ఒకసారి చూసుకోవాలె. ఒళ్లో కూర్చునే రెండేండ్ల లోపు పాపకు పాయింట్లలో పదో వంతు తీసుకుంటరు, వోచర్ అక్కరలేదు.

రద్దు సులువే. 24 గంటల ముందు దాకా మనిషికి 35 పౌండ్లు పట్టుకొని పాయింట్లు, ట్యాక్సులు, వోచర్ తిరిగిస్తరు. కాని వోచర్ గడువు పెరగదు, అప్పటికే దాటిపోతే పోయినట్టే. ఏవియోస్‌కు మాత్రం 36 నెలల్లో ఒక్క పాయింటు అటో ఇటో కదిలితే చాలు, బతికే ఉంటయి. ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఎట్లుందో అట్లనే ఉండాలె. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పెద్దోళ్ల పాస్‌పోర్టులతో ఆన్‌లైన్‌లో పేరు దగ్గరే ఆగిపోతది, టికెట్‌కు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

ఇక్కడి బ్యాంకు కార్డుల పాయింట్లు ఎయిర్‌లైన్‌కు మార్చేటోళ్లు సీటు కంటితో చూసినంకనే మార్చాలె. ఒకసారి పంపితే వెనక్కి రావు. ఖాతా నుంచి యూపీఐ కొడితే కార్డు పాయింట్లు పడవు, రూపే క్రెడిట్ కార్డు జోడిస్తేనే కొన్ని బ్యాంకులు ఇస్తయి.

హైదరాబాద్‌లో సీటు లేకపోతే వెంటనే బెంగళూరు చూడండి. గద్వాల, అలంపూర్ దిక్కోళ్లకు 44వ నంబర్ హైవే మీద దేవనహళ్లి ఎయిర్‌పోర్టు సిటీకి ఇవతలే వస్తది. పాలమూరు నుంచైతే కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ఉంది. కాకపోతే రైలు, విమానం వేర్వేరు టికెట్లు. రైలు ఆలస్యమైతే ఎయిర్‌లైన్‌కు సంబంధం లేదు, ముందురోజే పోయి రాత్రి అక్కడ పడుకోవాలె.