అమ్మకి ఏది మేలు: ఊళ్లో పెంకుటిల్లా, రాజమండ్రి ఫ్లాటా, సీనియర్ హోమా?

మా అమ్మకి 78 ఏళ్లు. ఊరు రాజోలు దగ్గర, ఏటిగట్టుకి ఇవతల. ఇల్లు పాతకాలపు మండువా. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే చర్చ: ఆవిడని ఊళ్లోనే ఉంచాలా, రాజమండ్రిలో నా ఫ్లాటుకి తెచ్చుకోవాలా, అన్నయ్య అంటున్నట్టు నర్సులుండే సీనియర్ హోమ్‌లో చేర్పించాలా? ఇదివరకైతే డబ్బు, మనుషులు చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఎండల్నీ వరదల్నీ కూడా లెక్కలో వేసుకోవాల్సొస్తోంది.

ఫ్లాటే క్షేమమని మొదట గట్టిగా వాదించింది నేనే. ఏసీ, లిఫ్టు, పది నిమిషాల్లో ఆసుపత్రి. మొన్న మేలో అమ్మని తీసుకొచ్చాక నా వాదన కాస్త చల్లబడింది. మాది చివరి అంతస్తు. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పదకొండింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. ఏసీ వేస్తే మోకాళ్లు లాగుతాయని, మేం ఆఫీసులకి వెళ్లగానే అమ్మ కట్టేసేది. మూడో రోజు సాయంత్రం వచ్చేసరికి తడి తువ్వాలు పరుచుకుని బాల్కనీ గచ్చు మీద పడుకుని ఉంది. పొద్దున్న నేను పెట్టిన చెంబు నీళ్లు పెట్టినట్టే ఉన్నాయి. "దాహం వెయ్యలేదురా" అంది.

డాక్టరు తిట్టినంత పని చేశారు. వయసు మీద పడ్డాక దాహం సరిగా తెలియదట, చెమటా తగ్గుతుందట. పైగా అమ్మ బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు ఉంది. 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వేడిగాలిని ఒంటికి కొట్టడం తప్ప చేసేదేం లేదు. 2015 వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు.

అదే ఎండాకాలం ఊరింట్లో వేరుగా ఉంటుంది. ఎత్తైన పెంకుల కప్పు, సందుల్లోంచి వేడి పైకి పోతుంది. చుట్టూ కొబ్బరి నీడ. సముద్రం దగ్గర కాబట్టి ఉక్కపోత ఉంటుంది, చెమట ఆరదు, అది కాదనను. కానీ రాత్రికి మండువాలో మంచం వేస్తే నిద్ర పడుతుంది. పొద్దున్న ఏడింటికల్లా అమ్మ అరుగు మీద కనబడకపోతే పక్కింటి పిన్నిగారు కేకేస్తారు. ఫ్లాట్లో మా ఎదురింటివాళ్ల పేరే నాకు తెలీదు.

మరి వానాకాలం? అక్కడే లెక్క తిరగబడుతుంది. గోదారి చెప్పే వస్తుంది, నిజమే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2022 జూలైలోనూ 25 లక్షలు దాటింది, ఏటి మధ్య లంకల్లో వాళ్లకి పడవలే దిక్కయ్యాయి. మీవాళ్లది లంక ఊరైతే ఆ మూడు నెలలకి ఈ చర్చే అక్కర్లేదు, తీసుకొచ్చేయండి.

గట్టు ఇవతల ఉన్నవాళ్లకి నా భయం వరద కంటే తుపానే. 1996 నవంబరు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చెట్లు రోడ్లకి అడ్డం పడితే ఇప్పుడైనా 108 రావడానికి దారుండదు. కరెంటు రోజుల తరబడి ఉండదు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడవుతుంది (తడి మట్టికుండ కొంతవరకు కాపాడుతుంది). అన్నిటికీ మించి, మా మరుగుదొడ్డి దొడ్లో ఉంది. అర్ధరాత్రి గాలివానలో నాచు పట్టిన బండల మీద నడక! తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్లీ లేవడం కష్టం. ఫ్లాట్లో ఆ బాధ లేదు. జనరేటరు మీద లిఫ్టూ మోటారూ రెండూ నడుస్తాయి.

సీనియర్ హోమ్ సంగతి క్లుప్తంగా చెప్తాను. మతిమరుపు ముదిరినా, మంచం దిగలేకపోయినా అదే మేలు. మేం చూసినచోట తోట బాగుంది, భోజనం బాగుంది. రాత్రి నర్సు ఉంటుందా అని అడిగితే మాత్రం "పిలిస్తే వస్తుందండీ" అన్నారు. అన్నయ్య ఇంక మాట్లాడలేదు.

నా మటుకు నేను తేల్చుకున్నది, ఏడాదంతా ఒకేచోట అనుకోవడమే మా పొరపాటని. వేసవికి ఊరు, వరదలకీ తుపానులకీ ఫ్లాటు. అందరం చేసేదానికి ఇది తలకిందులు. మామూలుగా ఎండలకి టౌనుకి తెచ్చి, తొలకరికి దింపేసి వస్తాం. గాలివానకి ఆగేలా ఊళ్లో ఒక గదికి శ్లాబు వేయించి, దానికే బాత్రూం, గోడకి పట్టుకునే కడ్డీలు పెట్టిస్తున్నాం. వేడెక్కకుండా శ్లాబు మీద తెల్ల సున్నం. సోలార్ పెట్టిద్దామనుకునేవాళ్లు ఒకటి కనుక్కోండి: 3 కిలోవాట్లకి కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది గానీ, బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకి కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. తుపాను రాత్రి పనికొచ్చేది బ్యాటరీయే.

అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. వరలక్ష్మీ వ్రతం సొంతింట్లోనే చేసుకుంటుందట. శ్రావణమంటే సరిగ్గా వరదల సమయం. చివరికి రెండో హెచ్చరిక దగ్గర బేరం కుదిరింది. మాత్రల డబ్బా, ఇన్సులిన్ చీటీ, కళ్లజోడు, రెండు చీరలతో సంచీ సర్ది వీధి తలుపు పక్కన మేకుకి తగిలించింది. నిన్న ఫోన్ చేస్తే అందులోకి చిన్న ఆవకాయ సీసా కూడా చేరిందని తెలిసింది.