వద్దని మొండికేయడమా, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లడమా?

18 నిండిన ట్రాన్స్‌జెండర్ బిడ్డ, ఒంటిని తన జెండర్‌కు తగ్గట్టు మార్చుకునేందుకు హార్మోన్లు వాడతానంటే మన సంతకం అక్కర్లేదు. మనకు మిగిలేవి రెండే దారులు.

మొండికేస్తే ఆగుతారన్న భరోసా లేదు. ఎవరో చెప్పిన మాత్రలు మందుల షాపులో కొనుక్కుని గుట్టుగా మింగేవాళ్లున్నారు. ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. పొగతాగే అలవాటుంటే మరీ. మగ హార్మోను ప్రభావాన్ని తగ్గించే స్పైరోనోలాక్టోన్‌తో ఒంట్లో పొటాషియం పెరిగితే తెలిసేది రక్తపరీక్షలోనే. ఇంట్లో దాచి వాడేవాళ్లకు ఆ పరీక్షలెవరు చేయిస్తారు?

వెంట వెళ్తే మన అనుమానాలూ అక్కడే అడగొచ్చు. మగ హార్మోను టెస్టోస్టెరాన్‌తో మగవాళ్లలా మారిన గొంతు మందు ఆపినా మళ్లీ మునుపటిలా కాదు. ముందుముందు సొంత పిల్లలు కావాలనుకుంటే వీర్యమో, అండాలో మందు మొదలెట్టకముందే భద్రపరచుకోవడం మేలు. వెళ్లినంత మాత్రాన ఒప్పేసుకున్నట్టు కాదు (చుట్టాలు అలాగే అనుకుంటారు, అనుకోనివ్వండి). నేనైతే వెంట వెళ్లమనే అంటాను.