డిజిటల్ లైసెన్స్ ఫొటో కోసం యాప్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

డిజిటల్ డ్రైవింగ్ లైసెన్స్‌కి ఫొటో అప్‌లోడ్ చేయబోతున్నవాళ్లు దయచేసి జాగ్రత్త. నేను డబ్బు కట్టి నష్టపోయాను. డబ్బుతో పాటు మూడు వారాలు కూడా పోయాయి.

నేను కొన్నది 'నూటికి నూరు శాతం ఆమోదం గ్యారంటీ' అని చెప్పుకునే ఒక ఫొటో యాప్. మామూలు సెల్ఫీ ఇస్తే చాలు, వెనకున్నదంతా తీసేసి తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, సైజు సరిచేసి ఇస్తామన్నారు. రెండు నిమిషాల్లో ఇచ్చారు కూడా. చూడ్డానికి బాగుందని వెంటనే పంపేశాను. నాలుగు రోజులకు 'ఫొటో ఆమోదించలేదు' అని మెసేజ్ వచ్చింది. కారణం లేదు. అదే యాప్‌లో ఇంకొకటి చేయించి పంపితే అదీ తిరిగొచ్చింది. ఈసారి కారణం రాశారు: ఫొటోలో మార్పులు చేశారట.

అప్పుడు కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. పుట్టినప్పటి నుంచీ నా గడ్డం మీదున్న పుట్టుమచ్చ మాయం. కుడి చెవి పైఅంచు తెలుపులో కలిసిపోయింది. జుట్టు చుట్టూ కత్తెరతో కత్తిరించినట్టు గీత. ముఖం నున్నగా చేయమని నేను అడగలేదు, వద్దని చెప్పడానికి అందులో ఆప్షనూ లేదు.

ఈ ఫొటో అందంగా ఉండాల్సిన పని లేదు, మనలా ఉంటే చాలు. మొబైల్ లైసెన్స్‌కి, అంటే ఫోన్‌లో ఉండే ఈ డిజిటల్ లైసెన్స్‌కి, 2021లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18013-5 ప్రకారం లైసెన్స్‌లో ఫొటో తప్పనిసరి. తనిఖీ చేసేవాళ్లు దాన్ని తమ స్క్రీన్ మీద చూసి మన ముఖంతో పోల్చుకుంటారు. చాలాచోట్ల కంప్యూటర్ కూడా అప్పటికప్పుడు తీసిన సెల్ఫీతో సరిపోలుస్తుంది. అలాంటి ఫొటోలో మచ్చ చెరిపేస్తే ఎలా కుదురుతుంది?

డబ్బు వెనక్కి అడిగితే, మా గ్యారంటీ సైజుకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మాత్రమే అన్నారు. షరతుల్లో ఎక్కడో చివర ఆ మాట ఉంది, నిజమే. అంతకన్నా ఘోరం, నేను ఒక్కసారికే కట్టాననుకుంటే అది నెలనెలా కట్టించుకునే సబ్‌స్క్రిప్షన్. రెండో నెల డబ్బు కట్ అయ్యాకే తెలిసింది. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన అది ఆగదు. ఫోన్‌లో యాప్ స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సబ్‌స్క్రిప్షన్ విడిగా రద్దు చేయాలి. మీరు ఇప్పటికే కట్టి ఉంటే ముందు ఆ పని చేయండి.

చివరికి ఆమోదించిన ఫొటోకి పైసా ఖర్చు కాలేదు. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడ్డాను. వెనక లేత రంగు గోడ, దానికి రెండడుగులు ముందుకి జరిగితే నీడ పడలేదు. సెల్ఫీ వద్దనుకుని మా చెల్లి చేత వెనక కెమెరాతో, ఐదారు అడుగుల దూరం నుంచి తీయించాను. చెయ్యి చాచినంత దగ్గర్లో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. బ్యూటీ మోడ్, పోర్ట్రెయిట్ మోడ్ రెండూ ఆపేయండి. కొన్ని ఫోన్లలో బ్యూటీ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది. కళ్లజోడు తీసేయండి, నోరు మూసి, కెమెరా వైపు నేరుగా చూడండి. ఇంకొకరి ఫోన్‌లో తీస్తే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపించుకోవద్దు, క్వాలిటీ తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. స్క్రీన్‌షాట్ అసలు వద్దు.

డబ్బు పోయినదానికన్నా నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇంకొకటుంది. ఆ యాప్‌కి నా ముఖం, పేరు, పుట్టినతేదీ అన్నీ ఇచ్చాను. వాటిని తొలగించమని రెండుసార్లు రాశాను. ఇంతవరకు జవాబు లేదు.