రాజమండ్రిలో ట్రిగ్గర్ సెట్టింగ్ చేయించాం: నా రివ్యూ

మాది అంబాజీపేట. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీతో గురి చూసి కొట్టే ఆట) ఆడుతుంది. ఈ మధ్య రాజమండ్రిలో ఒక పెద్దాయన దగ్గర దాని రైఫిల్ ట్రిగ్గర్ సెట్ చేయించాం, ఆ పని గురించే ఈ రివ్యూ. ఆయన మిలిటరీలో ఆయుధాల రిపేరు విభాగంలో చేసి రిటైరయ్యారు, బోర్డు లేదు, పేరు నెట్‌లో పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. అటువైపు రైఫిల్ ఆడే పిల్లల తల్లిదండ్రులను అడిగితే ఇల్లు చెబుతారు.

ముందు మాకొచ్చిన కష్టం చెప్పాలి. రైఫిల్ ఫైన్‌వెర్క్‌బౌ 800, జర్మనీది, హైదరాబాదులో ఒక సీనియర్ షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కొన్నప్పుడు బాగానే ఉంది. దసరా వెళ్ళాక ఒకసారి సర్వీసింగ్ చేయిస్తే మంచిదని మా దగ్గర్లో ఎయిర్ గన్‌లు బాగుచేసే ఒకతనికి ఇచ్చాను. 800 రూపాయలు తీసుకుని "ట్రిగ్గర్ లైట్ చేశానండి, వెన్నలా పోతుంది చూడండి" అని ఇచ్చాడు. పిల్ల కూడా మొదటి రెండు రోజులు సంతోషపడింది. ఆ తర్వాత మొదలైంది గోల. మధ్యాహ్నం ప్రాక్టీసులో ఇంకా గురి కుదరకముందే, వేలు అలా ఆనించగానే పేలిపోయేది. ధనుర్మాసం వచ్చేసరికి ఇంకో రకం తలనొప్పి: పొద్దున్న ఆరింటికి వెళితే అదే ట్రిగ్గర్ బరువెక్కిపోయి, బంకలో నుంచి లాగుతున్నట్టు జారుతూ వచ్చేది. ఒకే రోజులో పొద్దున్న ఒకలా, ఎండెక్కాక ఒకలా. స్కోరు పడిపోయింది, అంతకంటే ముఖ్యంగా పిల్ల వేలికి భయం పట్టుకుంది. ఎప్పుడు పేలుతుందో తెలియని ట్రిగ్గర్ మీద వేలు పెట్టడానికి జంకుతుంటే, చూస్తున్న మనకే టెన్షన్.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట. ఇందులో 10 మీటర్ల దూరంలో ఉండే టార్గెట్ మధ్యలోని పదో వలయం అడ్డంగా అర మిల్లీమీటరు, అంటే పెన్సిల్ ముల్లుతో పెట్టిన చుక్క. 60 షాట్లు, గంటంపావు టైము, ఒక్కో షాటుకు 10.9 దాకా పాయింట్లు, మొత్తం 654. అక్కడ వేలు రవ్వంత గుంజినా 10.4 కాస్తా 9.6 అయి కూర్చుంటుంది. అందుకే ఈ రైఫిళ్ళకు టూ స్టేజ్ ట్రిగ్గర్ ఉంటుంది. వేలు మొదట కొంత దూరం తేలిగ్గా వెనక్కి వస్తుంది, అది ఫస్ట్ స్టేజ్. తర్వాత ఒక గోడ తగిలినట్టు ఆగుతుంది. ఆ గోడ దగ్గర వేలు ఆనించి, ఊపిరి సర్దుకుని, గురి కుదిరాక ఇంకొంచెం బరువు పెడితే పేలుతుంది, అది సెకండ్ స్టేజ్. ఆ గోడ వేలికి స్పష్టంగా తెలియకపోతే ట్రిగ్గర్ ఎంత లైట్‌గా ఉన్నా దండగే. నాకు ఇది రాజమండ్రి వెళ్ళాకే అర్థమైంది.

ఆదివారం కారులో రావులపాలెం మీదుగా వెళ్ళాం. ఆయన వరండాలో ఒక బల్ల, దాని మీద పాత దుప్పటి మడత పెట్టి, రైఫిల్ పట్టి ఉంచే చెక్క బిగింపు. వెళ్ళగానే రైఫిల్ ముట్టుకోలేదు. ముందు చాంబరు ఖాళీగా ఉందో లేదో చూసుకున్నారు, గొట్టంలోకి నారింజ రంగు సేఫ్టీ తీగ పెట్టించారు, మూతి గోడవైపే ఉంచమన్నారు. తర్వాత రైఫిల్ గాలి సిలిండర్ మీద తేదీ చదివారు. గాలి సిలిండర్‌లో 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు) ఒత్తిడి ఉంటుంది, తయారైన పదేళ్ళకు మార్చెయ్యాలని చాలా కంపెనీలే చెబుతాయి, సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్ళు ముందు చూడాల్సింది అదే అన్నారు. మాది ఎనిమిదేళ్ళది. కొన్నప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, మీరు కొంటుంటే చూసుకోండి.

అప్పుడు స్టాకు (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) విప్పి ట్రిగ్గర్ భాగం లైటు కింద పెట్టి ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు. నాకేసి చాపారు. నేను పుట్టి పెరిగింది కొబ్బరి వ్యాపారంలో, ఆ వాసన నాకు చెప్పక్కర్లేదు. లోపల చిన్న స్ప్రింగు చుట్టూ, కొక్కెం అంచున, తెల్లగా మైనంలా పేరుకుని ఉంది. కొబ్బరి నూనె! 24 డిగ్రీల కిందికి వస్తే పేరుకుంటుంది కదా, ధనుర్మాసం పొద్దున్న సీసాలో గడ్డ కట్టడం మనింట్లో చూడందెవరు? అదే ట్రిగ్గర్లో గడ్డ కట్టి పొద్దున్న బరువెక్కించింది, ఎండెక్కాక కరిగి వదిలేసింది, పైగా దానికి పట్టిన దుమ్ము. మా ఇంట్లో తలకు రాసుకునే నూనె జర్మనీ ట్రిగ్గర్లో చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సర్వీసింగ్ అతను మోసం చేశాడని నేను అనను, తెలియక చేశాడు, కానీ తెలియని పని ఒప్పుకోకూడదు.

పెద్దాయన సిరంజితో క్లీనింగ్ ద్రవం పోసి, మెత్తటి బ్రష్షుతో కడిగి, ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టారు. ఆరాక చాలా పల్చటి తుపాకీ నూనె సూది మొనకు అంటినంత, అంతే. గోదావరి జిల్లాల చెమ్మకు ఎక్కువ నూనె పెడితే తుప్పు పట్టదని అందరూ అనుకుంటారు, గొట్టం బయట పైపైన తుడవండి, ట్రిగ్గర్లోకి మాత్రం పొయ్యకండి అన్నారు.

తర్వాత అసలు సెట్టింగ్. ఇక్కడే ఆయన పనితనం. రైఫిల్ నిలువుగా, మూతి పైకి పెట్టి, ట్రిగ్గర్ బ్లేడుకు (వేలు ఆనే ముక్కకు) దారం కట్టి చిన్న చిన్న ఇత్తడి తూకపు రాళ్ళు వేలాడదీశారు. 50 గ్రాములకే పేలింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. గోడే లేదు! 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలన్న రూలుంది, ఎయిర్ రైఫిల్‌కు కనీస బరువంటూ లేదు, అందుకని చాలామంది తగ్గించుకుంటూ పోతారట. "రూలు లేదు కదా అని గడియ ఊడగొట్టుకుంటామా?" అన్నారు. ఆ గడియ మాటే నాకు మొత్తం విప్పి చెప్పింది. లోపల ఒక కొక్కెం ఇంకో కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది, తలుపు గడియలా. ఆ పట్టు మరీ అంచు మీదికి తెస్తే గాలికే తలుపు తెరుచుకున్నట్టు రైఫిల్ దానంతటదే పేలుతుంది, అది ప్రమాదం. మరీ లోతుగా దిగితే గోడ దగ్గర ఆగాక కూడా గరగరలాడుతూ జారుతుంది. మాది అంచు మీద ఉంది.

ఆయన వరస ఇది: ముందు ట్రిగ్గర్ స్టాప్ స్క్రూ (బ్లేడు ఎంతవరకు వెనక్కి రావాలో ఆపేది) వదులు చేశారు, అది అడ్డుంటే మిగతావేవీ నిజం చెప్పవట. తర్వాత కొక్కెం పట్టు పెంచారు, పావు చుట్టు, మళ్ళీ పావు చుట్టు, ప్రతిసారీ డ్రై ఫైర్ (గుండు లేకుండా పేల్చడం) చేసి చూడటం. ప్రతి స్క్రూ మొదట ఎక్కడుందో పెన్సిల్‌తో కాగితం మీద గీసుకున్నారు. ఒకేసారి రెండు స్క్రూలు ఎప్పుడూ తిప్పలేదు. ఏ స్క్రూ ఏ పని చేస్తుందో మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ పక్కన తెరిచే ఉంది. గోడ కుదిరాక బరువులు: ఫస్ట్ స్టేజ్‌కు 75 గ్రాములు, మొత్తం 105. అంటే వేలు దాదాపు మూడొంతుల బరువు గోడ దాకా వచ్చేసరికే మోసేస్తుంది, చివరికి 30 గ్రాములే మిగులుతుంది. "30 గ్రాములే అయినా వేలికి తెలియాలి, తెలిసీ తెలియనట్టుంటే పిల్ల గుంజుతుంది" అన్నారు. చివరగా స్టాప్, పేలాక బ్లేడు ఇంకా వెనక్కి ఊగిపోకుండా రవ్వంత సందు వదిలి. స్టాప్ మరీ దగ్గరికి పెడితే ఒక్కోసారి పేలదు, ఆ తప్పు కూడా చాలామంది చేస్తారట.

ఇంతవరకూ మెషీను. నాకు బాగా నచ్చింది తర్వాతది. మా అమ్మాయిని షూటింగ్ జాకెట్ వేసుకుని పొజిషన్లో నిలబడమన్నారు. కూర్చుని పట్టుకున్నప్పటి వేలు వేరు, నిలబడ్డప్పటి వేలు వేరు అని. చూస్తే దాని చిన్న చేతికి బ్లేడు దూరంగా ఉండి వేలి కణుపు గీత దగ్గర లాగుతోంది, రైఫిల్ ప్రతిసారీ కొంచెం పక్కకు పోతోంది. బ్లేడు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి తెచ్చి, వేలి మెత్తటి భాగం ఆని తిన్నగా వెనక్కి వచ్చేలా చేశారు.

"కళ్ళు మూసుకో అమ్మా. గోడ తగిలిందా?"

"ఆయ్, తగిలిందండి."

"ఎక్కడ తగిలిందో మళ్ళీ మళ్ళీ చెప్పగలవా?"

ఇరవైసార్లు చేయించారు. ఇరవైసార్లూ "తగిలింది" అన్నాకే రాత్రి తన డైరీలో రాసుకోమని అంకెలు ఇచ్చారు. ఈ స్క్రూలు మీరు తిప్పొద్దండి అని నాతో గట్టిగా అన్నారు, నేను తిప్పను. ఆఖర్న కాక్ చేసి (పేలడానికి సిద్ధం చేసి), పెల్లెట్ (గుండు) లేకుండా, రైఫిల్ వెనక చివరను నేల మీద చాప మీద రెండు మూడుసార్లు కొట్టి చూశారు. పేలలేదు. స్క్రూ తలల మీద గోళ్ళ రంగు చిన్న చుక్క పెట్టారు, కదిలితే రంగు చీలి కనిపిస్తుంది.

లోపాలూ రాయాలి. మేము పదింటికి వెళితే బయటపడేసరికి మూడు దాటింది, భోజనం మధ్యలో ఆపి వెళ్ళి తినొచ్చాం. తొందరున్న వాళ్ళకు ఆయన దగ్గర పని జరగదు, పోటీకి రెండు రోజుల ముందు తెస్తే అసలు ముట్టుకోనన్నారు, కొత్త సెట్టింగ్‌కు వేలు అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు కావాలట. ఆ మాట నాకు నచ్చింది కానీ కొందరికి ఇబ్బంది. తనకు తెలిసిన రెండు మూడు జర్మన్ మోడళ్ళే చేస్తారు, విడి భాగాలు ఉండవు, బిల్లు ఇవ్వరు, ఫోన్ ఎత్తడం తక్కువ. 1,500 తీసుకున్నారు. ఆ అయిదు గంటలకు అది తక్కువే, ఇంకో వెయ్యి అడిగినా ఇచ్చేవాణ్ణి.

ఇంట్లో మేము తూకం చూసుకునే పద్ధతి కూడా ఆయనే చెప్పారు. 10 రూపాయల బిళ్ళ ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు. కొట్లలో తీసుకోవట్లేదని మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి. పలచటి కవరులో వేసి దారంతో బ్లేడుకు వేలాడదీస్తే, పది బిళ్ళలకు గోడ దగ్గరికొచ్చి ఆగాలి, పదమూడుకు పేలకూడదు, పధ్నాలుగుకు పేలాలి. కచ్చితమైన తూకం కాదు గానీ ఏదైనా మారితే తెలిసిపోతుంది. ప్రతి ఆదివారం అమ్మాయే చేస్తుంది, నేను రైఫిల్ పట్టుకుంటాను, అది బిళ్ళలు వేస్తుంది.

మొన్న చలి బాగా ఉన్న రోజు, తెల్లవారుజామున అయిదున్నరకు, వంటింట్లో కొబ్బరి నూనె సీసా తెల్లగా గడ్డ కట్టి ఉంది. అప్పుడే అమ్మాయిని లేపి చూడమన్నాను. పదమూడుకు ఆగింది, పధ్నాలుగుకు పేలింది. మధ్యాహ్నం ఎండలో మళ్ళీ చూశాం. పదమూడుకు ఆగింది, పధ్నాలుగుకు పేలింది.